ఎడమ మోకాలి మీద ఇంటూ గుర్తు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది.

ఇక్కడ నేనూ, నా కొత్త మోకాలూ క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం చదివాను. ఉత్తరమా అది, కోర్టు నోటీసా! కుడి మోకాలు నొప్పిగా ఉందా అన్నావు. ఉంది, కానీ ఆపరేషన్‌కు ముందున్న నొప్పి కాదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం పళ్లు బిగపట్టాలి. వ్యాయామం చేయించే ఫిజియో పిల్ల రోజూ వచ్చి "ఇంకొంచెం పెద్దమ్మా, ఇంకొంచెం" అంటూ కాలు వంచి ప్రాణం తోడేస్తుంది. తొంభై డిగ్రీలు దాటి వంగుతోందట. నాకంటే ఆ పిల్లకే ఎక్కువ సంబరం.

టైలరింగ్ కొట్టు తాళాలు ఓనరుకి ఇచ్చేశావా అని మూడుసార్లు అడిగావు. ఆ మాట తర్వాత చెబుతాను. ముందు నర్సు సంగతి. సోమవారం ఆపరేషన్ గురువారానికి ఎందుకు వాయిదా పడిందంటే షుగర్ పెరిగిందని చెప్పాను కదా. ముందే చూసుకోని ఆ నర్సు మీద ఫిర్యాదు రాస్తానని ఎగురుతున్నావు. రాయకు. నీతో అబద్ధమాడాను.

ఆ సోమవారం పొద్దున డాక్టరు నా కుడి మోకాలి పైన పెన్నుతో బాణం గుర్తు వేసి వెళ్లాడు. నాకు మనసొప్పలేదు. ముప్పై ఏళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్నదాన్ని. కత్తెర పెట్టకూడని చోట సుద్దతో ఇంటూ కొట్టందే పని మొదలుపెట్టను. పక్క మంచం ఆవిడ దగ్గర పెన్ను అడిగి ఎడమ మోకాలి మీద ఇంత ఇంటూ గుర్తు పెట్టేశాను. థియేటర్లో దుప్పటి తీయగానే ఆ నర్సు "ఆగండి" అంది. రెండు కాళ్ల మీదా సిరా.

"ఇదెవరు వేశారమ్మా?" అన్నాడు డాక్టరు.

"నేనే బాబూ. దీన్ని ముట్టుకోవద్దని. కొట్లో మేం అలాగే పెడతాం."

"మీకు ఇంటూ అంటే వద్దని. ఇక్కడ చూసేవాళ్లు ఇక్కడే కొయ్యమని అనుకుంటే?"

ఆ రోజుకి ఆపేసి, ఫైలూ ఎక్స్‌రేలూ మొదట్నుంచి మళ్లీ చూశాడు. తర్వాత ఆ నర్సే కూర్చుని స్పిరిట్‌తో నా గుర్తు తుడిచింది. అలాంటి పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టకు.

నీకెందుకు చెప్పలేదో తెలుసా? "చూశావా, నీకు వయసైంది, కొట్టు మూసి నా దగ్గరికి వచ్చెయ్" అంటావని భయపడ్డాను. ఇప్పుడు ఆ భయం లేదు. అవును, తప్పు చేశాను. కుట్టు తప్పు పడితే విప్పి మళ్లీ కుడతాం గానీ మిషను అమ్ముకోంరా. నువ్వు ప్రేమకొద్దీ అంటున్నావని తెలుసు. నన్ను మూలన కూర్చోబెట్టే ప్రేమ నాకొద్దు.

తాళాలు ఇవ్వలేదు. మొన్న కొట్టు తీశాను. తొక్కే పని లేకుండా మిషనుకు మోటారు పెట్టించి పూటకు రెండు గంటలు కూర్చుంటున్నాను. ఫిజియో పిల్ల ఒప్పుకోవడమే కాదు, చొక్కా కుట్టమని కొలతలూ ఇచ్చింది.

ఎడమ మోకాలూ అరిగిపోయిందట, దాని ఆపరేషన్ వచ్చే నెల పదో తారీకున. కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. నువ్వు రావాలి. నన్ను తీసుకెళ్లడానికైతే వద్దు. నేను లేచి తిరిగేదాకా కొట్టు నువ్వు చూసుకోవాలి. గుండీలు కుట్టడం నీకు నేర్పింది నేనే, మర్చిపోయానంటే ఊరుకోను.

ఇట్లు,
కొట్టు మూయని
నీ అక్క