వెదురు దువ్వెన

జగదల్‌పురం,
చైత్ర బహుళ తదియ

అమ్మా, నీ వరమ్మ నమస్కారం. ఈ కార్డు నాన్నచేత కాదు, చెల్లిచేత చదివించుకో.

జుట్టు ఊడిపోతోంది, ఈయన పలకరించనైనా పలకరించరు, ఇక్కడ ఉండలేను, అన్నయ్యను పంపమని పోయిన కార్డులో రాశాను. జుట్టు సంగతిలో తప్పు నాదే. బళ్ల దుమ్ముకు జడ ఎర్రబడుతోందని రోజూ కుంకుడుకాయలతో రుద్దేశాను. తల పీచయిపోయింది. మా కొట్టుకు ఇప్పపూలు తెచ్చే గోండుపిల్ల బుధ్రి అది చూసి, వచ్చీరాని తెలుగులో, "దుమ్మును నీళ్లతోని గాదక్కా, దువ్వెనతోని దులపాలె. ఇప్పనూనె రాసి గుడ్డ కట్టుకో" అంది. పది రోజులుగా అలాగే చేస్తున్నాను. ఊడడం తగ్గింది.

దాని కొప్పులో వెదురు దువ్వెన ముచ్చటగా ఉంటే, అమ్ముతావా అని అడిగాను. పగలబడి నవ్వింది. "ఇది కొనేది గాదక్కా. మనసుపడ్డోడే చెక్కి ఇయ్యాలె" అంది. మీ అల్లుడు కొట్లోంచి విన్నారు. తలెత్తకుండా పూలు తూచుకుంటూనే ఉన్నారు.

నిన్న చూస్తే ఆయన బొటనవేలికి గుడ్డ కట్టు ఉంది. నా దిండు పక్కన వెదురు దువ్వెన ఉంది. మూడు పళ్లు అప్పుడే విరిగాయి, మిగతావి వంకర. చిక్కు తీయబోతే అదే జుట్టులో చిక్కుకుంటోంది.

కుంకుడుకాయలు పంపకు, మెంతులు పంపు. ఎర్రావు ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? చెల్లికి నా దీవెనలు. నాకు పంపుతానన్న దంతపు దువ్వెన దానికే ఇవ్వు. అన్నయ్యను బండి కట్టొద్దని చెప్పు.

వరమ్మ