నాలుగుంపావు కేక

పైవాటాలో అద్దెకున్న చిరంజీవికి,

కిందివాటా ఓనరు ఆశీర్వదించి వ్రాయునది. (ఆశీర్వాదం ఈ వారానికి మాత్రమే. పొడిగింపు నీ జవాబుని బట్టి.)

మన అద్దె ఒప్పందం మూడో షరతు ప్రకారం మెట్ల మీద మాటలు నిషిద్ధం, ఏదున్నా కాగితం మీదే. కాబట్టి ఈ ఉత్తరం నీ బాల్కనీ నుంచి వేలాడే పాలబుట్టలో పెట్టి తాడు మూడుసార్లు లాగాను. నేను కోర్టులో ముప్పై నాలుగేళ్ళు హత్య కేసుల వాంగ్మూలాలు టైపు కొట్టి రిటైరైనవాణ్ణి. నోటిమాట మీద నాకు నమ్మకం లేదు. కాఫీ కావాలన్నా మా ఆవిడకి చీటీ రాసే అడుగుతాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మాకు మాటా మాటా పెరిగింది లేదు.

విషయం ఏమనగా, నాలుగు రోజులుగా మా నడినెత్తి మీద ఏదో జరుగుతోంది. సోమవారం నువ్వూ ఆటోవాడూ ఒగరుస్తూ రెండు చెక్కపెట్టెలు పైకి మోశారు. కాళ్ళు ముడుచుకుంటే ఒక్కోదాంట్లో ఒక మనిషి పడతాడు. (కొలిచాను. కంటితో.) మంగళవారం నీ కిటికీలకి నల్లగుడ్డ పడింది. బుధవారం పైన ఎవరో ఒక్కసారి చప్పట్లు కొట్టారు. నిశ్శబ్దం. మళ్ళీ ఒక్కసారి. ఒంటరిగా ఉండే మనిషి గదిలో ఎవరికోసం చప్పట్లు కొడతాడు? నిన్నయితే నా పైప్రాణాలు పైనే పోయాయి. బరువైనదేదో నేల మీద ఈడ్చిన చప్పుడు, ఆ వెనకే ఎవరో మోకాళ్ళ మీద పాకుతున్న చప్పుడు. పాకి, ఆగి, మళ్ళీ పాకి, గోడ వారగా, తలుపు వైపు.

రేపు సాయంత్రం లోపు సంజాయిషీ బుట్టలో పడాలి.

ఇట్లు,
ఓనరు

తా.క.: పదకొండో షరతు మర్చిపోకు. సినిమా గానీ, పాట గానీ, వాయిద్యం గానీ కిందికి వినిపించరాదు. నీకు ముందున్నాయన్ని కుక్కరు నాలుగో విజిల్‌కి ఖాళీ చేయించాను. మూడింటి దాకా ఓర్చుకున్నాను.

*

ఓనరుగారికి నమస్కారాలు.

నిజం చెప్పేస్తున్నానండీ. నేను హోం థియేటర్ పెట్టుకుంటున్నాను. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగం నాది, పొద్దున షిఫ్టు, మూడింటికల్లా ఇంటికొచ్చేస్తాను. రెండేళ్ళు టిఫిన్లు మానేసి ఒక సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టరు, మూతపడ్డ ఏదో హాల్లోంచి వచ్చిన రెండు స్పీకరు పెట్టెలు, వెనక గోడకి తగిలించే చిన్నవి ఇంకో రెండు, లోతు మోత కోసం ఒక బాస్ పెట్టె కొన్నాను. తెర కొనే స్తోమత లేక దుప్పటి ఇస్త్రీ చేసి గోడకి బిగించాను. చప్పట్లు కొట్టింది గది ఎంత మోగుతుందో తెలుసుకోవడానికి. పాకింది నేనే. బాస్ పెట్టెని మనం కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, మనం నేల మీద పాకుతూ, మోత ఎక్కడ బాగుంటే అక్కడ పెట్టెని దింపాలట. పెట్టె కుర్చీలో, మనిషి నేల మీద. నా బతుకులో అన్నీ ఇలాగే కుదురుతాయి.

మీ పైవాటావాడు

తా.క.: ఈ ఉత్తరం పంపే గుండె నాకు లేదు. పదకొండో షరతు దృష్ట్యా దీన్ని పరుపు కింద దాచేస్తున్నాను. ఇంకోటి రాస్తాను. అందులో అబద్ధం ఉండదు, నిజమూ ఉండదు.

*

మహారాజశ్రీ ఓనరుగారి పాదాలకి (ఆపైన తలెత్తి చూసే ధైర్యం లేదు) పైవాటావాడు నమస్కరించి వ్రాయునది.

మీరు కంగారుపడాల్సిందేమీ లేదండీ. ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్న పని ఒకటి మొదలుపెట్టాను. అదేమిటో ఇప్పుడే చెప్పలేను, చెబితే మీరు చెయ్యనివ్వరు. ఇది నాకు మొదటిసారి. అనుభవం లేదు, చేతులు వణుకుతున్నాయి. బడ్జెట్ తక్కువ కాబట్టి కొత్త సామాన్ల జోలికి పోకుండా, ఇదివరకు ఈ పని చేసి మానేసినవాళ్ళ దగ్గర చౌకగా కొన్నాను. ఇలాంటి పనికి గది చీకటిగా ఉండాలనీ, చప్పుడు బయటికి పోకుండా చూసుకోవాలనీ అనుభవమున్నవాళ్ళందరూ చెప్పారు. ఒక్కసారి పద్ధతి కుదిరిందంటే ఇంక మీకు పైన మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియదు.

గోడలకి మరకలు అంటనివ్వనని హామీ ఇస్తూ,
విధేయుడు

తా.క.: మీ ఇంట్లో వాడని పాత తివాచీ ఉంటే ఇప్పించగలరా? మనిషి పొడవుంటే చాలు.

*

పైవాటావారికి,

ఈ ఉత్తరం నుంచి మిమ్మల్ని 'మీరు' అంటున్నాను. గౌరవంతో కాదు, భయంతో.

మీ జవాబు పదకొండుసార్లు చదివాను. 'మొదటిసారి, చేతులు వణికాయి' అన్న ముక్క నా సర్వీసులో వందసార్లు టైపు కొట్టి ఉంటాను. అవన్నీ అయిపోయాక చెప్పినవి. పని కాకముందే, నింపాదిగా, బడ్జెట్‌తో సహా రాసిచ్చిన మనిషిని మిమ్మల్నే చూశాను. 'ఇదివరకు ఈ పని చేసి మానేసినవాళ్ళు' అన్నచోట కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. అంటే మీకో సంఘం కూడా ఉందన్నమాట.

ఇక అసలు సంగతి. ఆరు రోజులుగా, సరిగ్గా నాలుగుంపావుకి, పైన ఒక ఆడమనిషి 'వదిలెయ్! నన్ను వదిలెయ్!' అని కేక వేస్తోంది. రోజూ అదే గొంతు, అదే మాట, అదే టైము. రిజిస్టరులో ఎక్కించాను. ఇంత క్రమశిక్షణ గల బాధితురాల్ని నేనెరగను. కేక వినపడగానే చీపురుకర్రతో సీలింగు పొడుస్తున్నాను. అంతకు మించిన సాహసం నా ఒంట్లో లేదు.

సాక్ష్యం కోసం మా ఆవిడకి చీటీ రాశాను: 'పైన కేక విన్నావా?' చీటీ వెనకే 'నాకేం వినపడలేదు' అని రాసిచ్చింది. సాక్షి సహకరించడం లేదు. రోజూ ఆ టైముకి ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి, అంటే మీ తలుపు ముందునుంచే, వెళ్తుంది. నాలుగు బట్టలకి రెండు గంటలు పడుతోంది. కిందికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. ఏం చూసిందో, ఎవరు బెదిరించారో చెప్పదు. పైగా కూర తరుగుతూ తనలో తాను నవ్వుకుంటోంది. షాకు తగిలినవాళ్ళు అలా నవ్వుతారని ఒక కేసులో డాక్టరు చెప్తే నేనే టైపు కొట్టాను.

ఇట్లు,
ఓనరు (ఇప్పటికింకా)

తా.క.: తివాచీ ఇచ్చే ప్రసక్తి లేదు. అదీగాక, మొన్నటినుంచి అది కనపడటం లేదు.

*

దేవుడులాంటి ఓనరుగారికి,

రిజిస్టరు అన్న మాట చదవగానే ముచ్చెమటలు పోశాయి. మీ చీపురుకర్ర దెబ్బ పడ్డప్పుడల్లా నేను కుర్చీలోంచి జానెడు లేస్తున్నాను. దయచేసి ఖాళీ చేయించకండి. ఇంత సామాను నెత్తిన పెట్టుకుని ఏ ఇంటి గుమ్మం ఎక్కను?

ఆ కేక వేసే ఆవిడ క్షేమమండీ. నేను మొదలుపెడితే అరుస్తుంది, ఆపితే ఆగుతుంది. కావాలంటే వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ అరిపించొచ్చు. బడ్జెట్ వల్ల ప్రస్తుతానికి ఆవిడ ఒక్కతే ఉంది. జీతం రాగానే ఇంకో నలుగుర్ని తెస్తాను, అప్పుడు రోజూ ఒకే గొంతు విని మీకు విసుగు రాదు.

చప్పుడు తగ్గించడానికి నేను సిద్ధం. కానీ రోజూ నాలుగింటికి నాకు సాయం వచ్చే మనిషి ఒప్పుకోవడం లేదు. 'ఇంకా పెంచు, ఇంకా పెంచు' అంటున్నారు. ఎవరో చెప్పనని మాటిచ్చాను. నా సరదాకి మొదలుపెట్టిన పనే గానీ, ఇప్పుడు ఆ మనిషి మొహం చూస్తే ఆపబుద్ధి కావడం లేదు.

వణుకుతూ,
మీ పైవాటావాడు

తా.క.: గుమ్మం దగ్గర ఎర్రమరకలు నావే. వెనక పెట్టెలు గోడకి బిగిస్తూ సుత్తితో బొటనవేలు చితక్కొట్టుకున్నాను. మీ బీరువా వెనక డ్రిల్లింగ్ మిషను ఉందట (చెప్పిందెవరో అడక్కండి). ఒక్క గంట ఇస్తే రేపటితో అంతా ముగించేస్తాను.

*

పైవాటావారికి,

విషయం: నా భార్యను హత్య చేయుట ఆపుట గురించి.

ఇవాళ నాలుగుంపావుకి మామూలు కేక వచ్చింది. ఎక్కించాను. నాలుగూ పదిహేడుకి రెండో కేక వచ్చింది. అది మా ఆవిడది. ఆ గొంతు అంత గట్టిగా నా జన్మలో ఒక్కసారే విన్నాను, స్నానాలగదిలో బల్లి మీద పడినప్పుడు.

మొదటి మెట్టు దాకా వచ్చాను. రెండో మెట్టుకి కాళ్ళు రాలేదు. అరుద్దామంటే నోరు పెగల్లేదు. చెయ్యి ఒక్కటే పనిచేస్తోంది, అందుకని రాస్తున్నాను. మీరు సదరు పని చేస్తున్నట్లయితే తక్షణం ఆపవలసినది. ఆపినట్లు ఈ కాగితం వెనక రాసి, సంతకం చేసి, బుట్టలో దించవలసినది.

ఆవిడ లేకపోతే నా మాత్రల్లో ఏది పొద్దుటిదో ఏది సాయంత్రందో నాకు తెలియదు. రాయాల్సింది ఇది కాదు. రాయాల్సిందేమిటో రాయడం రావడం లేదు.

ఓనరు

తా.క.: తాడు పదిహేడుసార్లు లాగాను. బీరువా వెనక డ్రిల్లింగ్ మిషను లేదు. ఇంట్లో అసలు ఎవరూ లేరు.

*

అయ్యా,

ఆపాను. ఇదిగో సంతకం. పిన్నిగారు నిక్షేపంలా ఉన్నారు, నా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నారు.

ఇది హోం థియేటరండీ. పరుపు కింద దాచిన ఉత్తరం కూడా దీనితో పంపుతున్నాను, అందులో అంతా ఉంది. కేక వేసేది దెయ్యం సినిమాలో ఆవిడ. నా దగ్గరున్నది ఆ ఒక్క డిస్కే. ఇవాళ వెనక పెట్టెలు కూడా తగిలించాం. పిన్నిగారికి వీపు వెనకనుంచి ఎవరో నడిచొస్తున్నట్టు అడుగుల చప్పుడు వచ్చింది, కెవ్వుమన్నారు. నేనూ కెవ్వుమన్నాను గానీ నా కేక మీ లెక్కలోకి రాలేదనుకుంటాను.

తివాచీ, డ్రిల్లింగ్ మిషను తెచ్చింది ఆవిడే. ఏడుపు సీన్లు వస్తే ఏడుస్తారు, కళ్ళెరుపు అందుకే. రోజూ ఎందుకొస్తున్నారో మాత్రం నేను చెప్పకూడదు. మా షాపుకి సగం చూపుపోయినవాళ్ళు వస్తుంటారు. బోర్డు మీది అక్షరాలు కనపడకపోయినా నవ్వుతూ తలూపుతారు. ఆ నవ్వు నాకు దూరంనుంచే తెలిసిపోతుంది. ఇంతకన్నా రాస్తే మాట తప్పినవాణ్ణవుతాను. మీరొక్క పని చెయ్యండి. ఆవిడ కిందికొచ్చాక, అటు తిరిగి ఉన్నప్పుడు, చీటీ లేకుండా నోటితో పిలిచి చూడండి.

పదకొండో షరతు ప్రకారం మూటా ముల్లే సర్దుకుంటున్నాను.

మీ (మాజీ) పైవాటావాడు

తా.క.: మీరు రెండో మెట్టు దగ్గర ఆగిపోయారని పిన్నిగారికి చదివి వినిపించలేదు. చూపించాను. చాలాసేపు ఆ కాగితం నాకు తిరిగివ్వలేదు.

*

చిరంజీవికి,

కిందివాటా ఓనరు ఆశీర్వదించి వ్రాయునది. (గడువు లేదు.)

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆవిడ వంటింట్లో అటు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గుమ్మంలో నిలబడి పిలిచాను. ఏరుతూనే ఉంది. ఇంకాస్త గట్టిగా పిలిచాను. మూడోసారికి కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది. ఆవిడ ఒక రాయి తీసి పక్కన పెట్టింది. అంతే.

నాయనా, నిన్న రెండో కేక విన్నప్పుడు కూడా నేను ఇంత భయపడలేదు.

ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నా మొహం చూసి అర్థం చేసుకుంది. చీటీ తీసుకుని రాసింది. యథాతథంగా కాపీ చేస్తున్నాను, నాకు వచ్చిన పని అదొక్కటే:

'రెండేళ్ళయింది. మీరు నోరు తెరిచి ఏదీ అడగరు కాబట్టి మీకు తెలియలేదు. మీకు అసలే అన్నిటికీ భయం, ఇదొకటి ఎందుకని నేనూ చెప్పలేదు. ఆ కుర్రాడి గదిలో మాత్రం మాట మాటలాగే వినపడుతోంది. నిన్న నా వెనక ఎవరో నడిచొస్తున్నట్టు వినపడింది. అలా విని ఎన్నాళ్ళయిందో. అందుకే అరిచాను. మీరనుకున్నట్టు భయంతో కాదు.'

'నాకేం వినపడలేదు' అని అప్పుడు రాసిచ్చిన చీటీ రిజిస్టరులోనే ఉంది. తీసి చూశాను. సాక్షి నిజమే చెప్పింది. గుమస్తాకే చదవడం రాలేదు.

ఒప్పందం సవరించాను. మూడో షరతు కొట్టేశాను. పదకొండో షరతు ఇకనుంచి ఇలా ఉంటుంది: సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కిందికి వినిపించి తీరాలి. సోమవారం ఆవిణ్ణి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. 'మీరు బయట కూర్చుని వణుకుతారు, నాకు తెలుసు' అంది. నిజమే. లోపల కూర్చునే వణుకుతానని చెప్పాను. నోటితోనే చెప్పాను, పెదాలు చూసి నవ్వింది.

నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఆవిడ పక్క కుర్చీ మాత్రం రేపు నాలుగింటికల్లా ఖాళీ చెయ్యాలి. దీన్నే నోటీసుగా భావించవలెను.

ఇట్లు,
ఓనరు

తా.క.: లైటు పూర్తిగా ఆర్పకు. వెనక పెట్టెలు నేను వచ్చిన మొదటి రోజు మోగించకు. ఆ కేకావిణ్ణి చివరికి వదిలేస్తారో లేదో ముందే చెబితే మెట్లెక్కడానికి కాస్త ధైర్యంగా ఉంటుంది.

మరో తా.క.: ఆ పెట్టెలకి మైకు తగిలించడం కుదురుతుందా? ఆవిడకి ఒక మాట చెప్పాలి. ఏమిటన్నది మాత్రం కాగితం మీద పెట్టను.