అమ్మకు దొరికిన గౌరవం

శనివారం రాత్రి, ఎమ్మిగనూరు

పోయినేడు ఒక పొద్దున అమ్మ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, నాతో గుడిదాకా నడిచి నాకంటే ముందే తిరిగొచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. "ముసలామెతో పని చేయిస్తాండారని జనం నవ్వుతారక్కా" అని తమ్ముడు ఆరోజే ఆమె చేతిలో చీపురు లాక్కున్నాడు. పాల ప్యాకెట్టుకు వీధి చివరికి కూడా బండెక్కే ఘనుడు! ఏడాదంతా ఆమెను మంచం మీద కూర్చోబెట్టి గౌరవించినాడు.

ఈరోజు అమ్మ గోడ పట్టుకొని కూడా లేవలేకపోయింది. "రోజూ కొంచెం నడిపించండి, కాళ్ళకు బలమొస్తుంది" అన్నాడు డాక్టరు. తమ్ముడేమో చక్రాల కుర్చీ కొంటాడంట. రాఘవేంద్రస్వామీ, నా నోరు అదుపులో పెట్టు.

"అమ్మను ఆదోనికి, మా ఇంటికి తీసుకపోతా" అన్నాను.

"ఆడ కూర్చోబెట్టి చూసుకునేదెవరక్కా?"

"కూర్చోబెట్టను లేప్పా, నడిపిస్తా."

సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి అమ్మను నాతో పంపేటట్టు తేల్చినారు. నెలలోపల అమ్మ తనంతట తాను నడవకపోతే కుర్చీయేనంట. ఏడాది కూర్చోబెట్టినోళ్ళు నాకు నెల గడువిచ్చినారు.