నలభై, ముప్పై కలిపితే డెబ్బై

గోవా, జూన్ 2

పెద్దనాయన దామోదరం గారికి, పెద్దమ్మ శకుంతలమ్మకు,

మోహన్‌కృష్ణ నమస్కారాలు. నేనిక్కడ క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. ఫోన్లో చెబుదామంటే మీకు సగం వినపడదు, మిగతా సగం వీధంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

మార్చిలో జ్వరం వచ్చిందని చెప్పాను కదా. అది పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకుపోయింది. మల్లెపూవుకూ కిరసనాయిలుకూ తేడా తెలియడం లేదు. హోటల్లో ఎవరికీ చెప్పలేదు. నేను పళ్ళరసాల విభాగంలో ఉన్నానని మీకు తెలుసు. ఈ నెల 25న మాకు పరీక్ష. నాలుగు గ్లాసులు ముందు పెడతారు. ఏది ఏదో చెప్పి, హోటలుకు తగినది ఒకటి ఎంచాలి. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. నాయన నాయుడుపేటలో ఏదో కంపెనీ గేటు దగ్గర రిజిస్టరు రాసే పని చూసిపెట్టి కూర్చున్నాడు.

మీరు బెల్లం మండీలో ఉన్నన్నాళ్ళూ ఒక పలుకు నాలుక మీద వేసుకుని ఏ ఊరి గానుగదో చెప్పేవారు. ఆ నాలుక నాకు కావాలి. మామిడి గుజ్జు లారీ తోలే బాలాజీ చేత నాలుగు చిన్న సీసాలు పంపుతున్నాను. ద్రాక్షపండ్ల కషాయం, ఒంటికి మంచిది. చీటీల మీద 10 ఏళ్ళు, 20 ఏళ్ళు, 30 ఏళ్ళు, 40 ఏళ్ళు అని ఉంటుంది. రుచి చూసి ఎట్లా ఉన్నాయో రాయండి. బట్టీ పెడతాను.

నిలకడ లేని మీ
మోహన్‌కృష్ణ

తా.క.: నాయనకు చెప్పొద్దు. ఆ రిజిస్టరు రాయడానికి పెన్ను కూడా కొన్నాడట.

•

చిత్తూరు, జూన్ 8

చిరంజీవి మోహన్‌కృష్ణకు పెద్దనాయన దీవెనలు.

బాలాజీ సీసాలు తెచ్చేటప్పటికి నేను కొండకు పోయిండాను. తిరిగొచ్చే లోపల మీ పెద్దమ్మ చీటీలు చదివి, ఇది వయసును బట్టి తాగే మందని తేల్చేసింది. ఇరవై ఏళ్ళోళ్ళకు ఇరవైది, నలభై ఏళ్ళోళ్ళకు నలభైది. నాకేమో డెబ్బై. డెబ్బై సీసా యాడా లేదు. అందుకని నలభైదీ ముప్పైదీ ఒకే లోటాలో పోసి కలబెట్టి, మెట్లెక్కొచ్చిన కాళ్ళకు మంచిదని చేతికిచ్చింది. ఇచ్చినాక అడిగేదేముండాది, తాగినాను.

ఇప్పుడు రుచి రాయమంటే ఏం రాసేది. రెండూర్ల బెల్లం ఒకే పాకంలో పడినట్టుండాది. మోకాళ్ళు మాత్రం మర్నాటి దాకా గుర్తుకు రాలేదు. ఇంకో దఫా పంపు. ఈసారి నేనే అందుకుంటాను.

దామోదరం

తా.క. (పెద్దమ్మ రాత): నాయనా, మిగిలిన పదీ ఇరవై కలిపితే ముప్పై. ఎదురింటి కృపారాణికి ముప్పై నిండినాయి, దగ్గుతా ఉంటే ఇచ్చినాను. మా చర్చిలో చిన్న గ్లాసులో ఇచ్చేదాని మాదిరే ఉండాది అక్కా అనింది. నాకు అరవై. నలభైది, ఇరవైది వేరేగా పంపు.

•

గోవా, జూన్ 12

పెద్దనాయనకు నమస్కారం, పెద్దమ్మకు సాష్టాంగం.

ఆ అంకెలు తాగేవాళ్ళ వయసు కాదు, కషాయం వయసు. అన్నేళ్ళు చెక్క పీపాల్లో ఉంచి తీస్తారు. బాలాజీ చేత మళ్ళీ నాలుగు పంపుతున్నాను. సీసాల అడుగున మిగిలినవి ఒంపుకొచ్చాను, ఇక దొరకవు. దేనికది గాజు గ్లాసులో పోసుకోండి. నోట్లో తిప్పి ఉమ్మేయండి, మింగక్కర్లేదు.

ఇంకా పదమూడు రోజులే. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. పొద్దున వంటింట్లో కాఫీపొడి డబ్బాలో ముక్కు పెట్టి పది నిమిషాలు నిలబడ్డాను. ఏమీ తెలియలేదు. వంటమనిషి చూసి కొత్త డబ్బా తెప్పించుకున్నాడు.

త్వరగా రాయండి.
మోహన్‌కృష్ణ

తా.క.: సీసాలు పెద్దమ్మకు అందని ఎత్తులో పెట్టండి.

•

చిత్తూరు, జూన్ 18

చిరంజీవి మోహన్‌కృష్ణకు,

నువ్వు పనిచేసే చోటు మంచిది కాదప్పా.

నాలుగు గ్లాసులూ కిటికీ కాడ వరసగా పెట్టి చూసినాను. పదిది ఎర్రగా రేగుపండు మాదిరి ఉండాది. ఇరవైది ఇటుక రంగు. ముప్పైది తేనె. నలభైది ఇంకా పలచన, అంచు కాడ పెసలు నానబెట్టిన నీళ్ళ మాదిరి పచ్చగా ఒక గీత. బెల్లం పాతబడేకొద్దీ నల్లబడాల. ఇది పాతబడేకొద్దీ తేటపడతా ఉండాది. హైడ్రోసు కలిపినారు. పాకంలో ఆ తెల్లపొడి వేసి, నల్లబెల్లాన్ని పచ్చగా తేల్చి అమ్మేవాళ్ళను మండీలో ఎంతమందిని పట్టిచ్చినాను నేను.

రుచి అడిగినావు కాబట్టి రాస్తా. పదిది రేగొడియం, నోరు పట్టేస్తాది. ఇరవైది వేయించిన చెనక్కాయల మీద ముదురు పాకం పోసినట్టు. ముప్పైది ఎండిన నారింజ తొక్క. నలభైది అరిసెల పాకం అడుగంటే ముందు వస్తాదే, ఆ వాసన. మింగినాక కూడా పోదు. వచ్చినోళ్ళకు పెట్టాలంటే ఇరవైదే పెట్టు. అది మాట్లాడుకుంటా తాగేది. నలభైది మాట మానుకోని తాగేది.

అయినా మోసం మోసమే. వాసన తెలియని పిల్లోడి చేత హైడ్రోసు సరుకు అమ్మిస్తా ఉండారని మీ హోటలుకు రిజిస్టరు పోస్టులో జాబు పంపినాను. నువ్వేమీ భయపడబాక.

నీ మంచి కోరే
దామోదరం

తా.క. (పెద్దమ్మ రాత): ఉమ్మేదానికి పక్కన చెంబు పెట్టినాను. చెంబు పొడిగానే ఉండాది.

•

గోవా, జూన్ 27

పెద్దనాయనకు,

ముందు నిజం చెప్పేస్తాను. అది కషాయం కాదు, పోర్ట్ వైన్. అందులో టానీ అని ఒక రకం. నేను పనిచేసేది పళ్ళరసాల దగ్గర కాదు, వైన్ల దగ్గర. నెలనెలా కొండకు నడిచిపోయే మీ చేత తాగించాను. చెప్పుతో కొట్టినా పడతాను.

25న నాలుగు గ్లాసులు పెట్టారు. ముక్కు పెడితే నాలుగూ నీళ్ళే. అప్పుడు మీ కిటికీ గుర్తొచ్చింది. గ్లాసులెత్తి వెలుతురుకు పట్టాను. రేగుపండు, ఇటుక, తేనె, పెసల నీళ్ళు. నాలుగూ సరిగ్గా చెప్పాను. అది హైడ్రోసు కాదు పెద్దనాయనా, పీపాలో ఏళ్ళ తరబడి ఉంటే దాని ఎరుపు అదే వదిలేస్తుంది. ఏది ఎంచుతావని అడిగితే, ఇరవైది మాట్లాడుకుంటూ తాగేది, నలభైది మాట మానుకుని తాగేది అన్నాను. మేనేజరు నాగవేణి గారు రాసుకున్నారు.

సరిగ్గా అప్పుడే మీ జాబు వచ్చింది. నాగవేణి గారిది సూళ్లూరుపేట. అందరి ముందూ పైకి చదివారు. ‘వాసన తెలియని పిల్లోడు’ దగ్గర ఆగి నా వైపు చూశారు. నాకు నాయుడుపేట గేటు కనిపించింది. ఉన్నదంతా చెప్పేశాను, పెద్దమ్మ లోటాతో సహా. ఆమె నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. ఈ వైన్లూ పాతవీ కొత్తవీ కలిపి, రుచి చూసి, ఇది ఇరవై ఏళ్ళ తీరు అని చీటీ వేసేవేనట. పెద్దమ్మ కలపడం తప్పు కాదట, కూడిక తప్పట.

ఉద్యోగం నిలిచింది. నా ముక్కు వచ్చేదాకా నెలనెలా సీసాలు పంపి మీ మాట తెప్పించుకోమన్నారు. మీకు ఇష్టం లేకపోతే మానేస్తాను.

తప్పు చేసిన మీ
మోహన్‌కృష్ణ

తా.క.: మీ కిందటి కవరు తెరిచినప్పుడు అరిసెల వాసన లీలగా తగిలింది. ఒక్క క్షణమే. అందులో ఏమైనా పెట్టారా, నా భ్రమా?

•

చిత్తూరు, జూలై 4

చిరంజీవి మోహన్‌కృష్ణకు,

వైనని ఇప్పుడు చెప్పాలనిపించిందా నీకు. నల్లబెల్లం మూటలు మూటలుగా ఎవురు కొంటారో, కొని ఏం కాస్తారో చూస్తా బతికినోణ్ణి. మొదటి లోటా మూతి కాడికి వచ్చినప్పుడే తెలిసింది. ముక్కు పోయింది నీకు, నాకు కాదు.

తెలిసీ ఎందుకు తాగినానంటే, చిన్నప్పటినుంచీ నోరు తెరిచి ఎవురినీ ఏదీ అడగని పిల్లోడివి, అడిగినావు. కాదనేదానికి మనసు రాలేదు. పైగా కలిపిచ్చింది మీ పెద్దమ్మ, ఆ పాపం ఆమెది. కొండ మీద స్వామికి చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు.

సీసాలు పంపు. హైడ్రోసు లేదంటే సగం నమ్మినాను. ఒకటే షరతు. మీ పెద్దమ్మకు అది కషాయమనే చెప్పు. తెలిసిందంటే నన్ను గడప తొక్కనియ్యదు.

నీ నాలుక
దామోదరం

తా.క. (పెద్దమ్మ రాత): ఆయన జిగురు తెచ్చే లోపల నీ జాబూ ఆయన రాసిందీ చదివేసి రాస్తా ఉండా. మా రాజశ్రీ పుట్టినప్పుడు పచ్చి బాలింతనని మా అమ్మ నాకు మూడు నెలలు పోర్ట్ వైనే తాగించింది. మూత తీస్తానే తెలుసుకున్నాను. వైనంటే ఆయన ముట్టడు, మెట్లెక్కి మెట్లెక్కి ఆ కాళ్ళు చూడలేకుండా ఉండా. అందుకే వయసు మందన్నాను. ఆయనకు చెప్పబాక. ఆ పొద్దు అరిసెలు చేసిన చేత్తోనే కవరు అంటించినాను, భ్రమ కాదు, నీ ముక్కు వస్తా ఉండాది. ఇంకొకటి. పోయిన శుక్రవారం ఆయనకు డెబ్బై ఒకటి వచ్చింది. నలభై, ముప్పై సరే. ఒక్క ఏడాది సీసా యాడన్నా దొరుకుతాదేమో చూడు.