టీవీకి కలిపిన లాప్‌టాప్

శుక్రవారం, రాత్రి

లాప్‌టాప్ బాగుచేయించాలా వద్దా అన్నది ఇవాళ తేలిపోతుందనుకున్నాను. కొన్నాళ్లుగా గీతలు వస్తున్న స్క్రీన్ నిన్న పూర్తిగా నల్లబడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో షాపతను దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "గింత పాతదానికి పైసలెందుకు పెడుతరు మేడమ్? కొత్తది తీసుకోరాదు!" అన్నాడు. కొత్తది కొనేదాన్నైతే ఇతని దగ్గరికెందుకు పోతాను? మెట్రోలో ఒళ్లో పెట్టుకుని తిరిగి తెచ్చేశాను.

సాయంత్రం ఆఫీసు పని మిగిలిందంటే ఆయన, "స్క్రీన్ ఎందుకే, టీవీకి కలిపితే అయిపాయె" అంటూ కేబుల్ తగిలించారు. పాపం, అత్తమ్మ సీరియల్ కూడా వదులుకుంది.

నిన్న స్క్రీన్ ఆరిపోయేముందు నేను చూస్తున్న పేజీ టీవీ నిండా వచ్చేసింది. మీర్‌పేట్‌లో కిరాయి ఇల్లు, ఫోటోలతో సహా. వేరు కాపురం మాట నేనింకా ఆయనతో కూడా అనలేదు. కంగారులో మౌస్ చేతికి దొరకలేదు.

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ఫోటో చూసింది. "వంటిల్లు మంచిగున్నది. గని ఒక్కటే బెడ్‌రూమ్ ఉన్నట్టున్నదే?"

ఆయన నా వైపు చూశారు. ఫ్రెండ్ కోసం అన్నాను. ఏ ఫ్రెండ్ అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగినా బాగుండేది...

ఆయన పక్కకి తిరిగి పడుకున్నారు. నిద్రపోయారో లేదో తెలియదు. పొద్దున ఏమంటారో. అన్నాల దగ్గర నాకు పెరుగు వేస్తూ అత్తమ్మ మెల్లగా అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

"ఆ స్క్రీన్ జర బాగుచేయించుకో బిడ్డా. నీవి నువ్వే చూసుకోవచ్చు."