తొక్కుడుబిళ్ల గడులు

మంగళవారం, ప్రొద్దుటూరు హాస్టల్

ఎర్రగుంట్ల దగ్గరి బడిలో నా టీచర్ ట్రైనింగ్ మొదలై మూడు వారాలు. రెండో తరగతి షాహీన్ ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఈరోజు వరండాలో తొక్కుడుబిళ్ల గడులు గీసి అంకెలు వేశాను. ఒంటికాలితో గెంతుతూ ఇరవై దాకా గట్టిగా చెప్పింది.

అంతలో హెడ్మాస్టరు వచ్చారు. "ఏందమ్మా ఇది? సదువు చెప్పేకొచ్చినావా, కుప్పిగంతులేపిచ్చేకా? నీ మార్కులు నా చేతిలో ఉండాయి."

భయపడి గడులు తుడిచేశాను. షాహీన్ నా కొంగు పట్టుకుంది. "టీచర్, ఇంగొక్కసారి!"

"నోరు మూసుకొని కూర్చో," అన్నాను.

మధ్యాహ్నం హాజరు పిలిస్తే షాహీన్ పలకలేదు. తల దించుకుంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. మా ఇంట్లో బడి మెట్లెక్కింది నేనొక్కదాన్నే, ఆమెకు ఎంత గర్వమో.

"పిల్లోళ్లు నీ మాట ఇంటాండారా?"

"శానా బాగా ఇంటాండారుమా. ఒక్కరూ నోరెత్తరు."