మడత విప్పని కండువా

చోవా చూ కాంగ్, సింగపూర్, ఆదివారం, జూన్ 2006

ఇంటికొచ్చి సూట్‌కేసు తెరిచానో లేదో, మా ఆయన అడిగాడు: "నా కండువా మడతే విప్పలేదేంటి?"

రామేశ్వరంలో ఆలుమగలు కొంగుముడితో సముద్రస్నానం చేయాలి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని తను ఆఖరి నిమిషంలో ప్రయాణం మానేసి, ఆ కండువా ఇచ్చాడు. దాంతో ముడేసుకుంటే తనొచ్చినట్టేనట! నాకు మాత్రం ఆఫీసు లేదా?

వైజాగ్ నుంచి వచ్చిన అమ్మ ఒడ్డునే ఆగిపోయింది. "మీ నాన్న లేకుండా నాకెందుకే? నువ్వు మునుగు" అంది. అసలే అమ్మకి కెరటాలంటే భయం. ఆవిడ కొంగూ నా కొంగూ కలిపి ముడేశాను.

"తల్లీకూతుళ్ళకి కొంగుముడేంటమ్మా? శాస్త్రం ఒప్పుకోదు" అన్నారు పంతులుగారు.

"సముద్రం ఒప్పుకుంటే చాలండీ" అన్నాను.

మూడో మునకకి అమ్మే నన్ను లోపలికి లాక్కెళ్ళింది.

ఇదంతా విని, "మా అమ్మకి తెలిస్తే?" అన్నాడు ఈయన. గుబులుగానే ఉంది. అయినా రేపు అత్తగారు ఫోన్ చేస్తే నేనే చెప్తాను.

నా చీర కొంగు మీద ముడి ముడతలు ఇంకా పోలేదు. ఇస్త్రీ చెయ్యను.